ఎవరి చేతి నీళ్ళు త్రాగుతున్నాం?



మీ ఇంట్లో ఎనభై ఏళ్ళు దాటిన తాతయ్యగానీ నాయనమ్మగానీ ఉంటే, ఈ వారం వారి ప్రక్కన కూర్చుని ఒక మాట అడగండి. "మీ చిన్నప్పుడు ఊరి బావి దగ్గర నీళ్ళు ఎలా పట్టేవారు?"

వారు పల్లెలోనో గూడెంలోనో పుట్టినవారైతే ఇలా చెబుతారు. గట్టు ఎక్కకూడదు. చేదకు చెయ్యి తగలకూడదు. కడవ దించి, ఎవరైనా దయతలచి తోడి పోసేదాకా దూరంగా నిలబడాలి. దాహమైతే దోసిలి పట్టాలి. పైనుంచి ధారగా పోస్తారు. పోసేవారి చెంబు త్రాగేవారి చేతికి తగలదు.

వారు ఊరి నడుమ పుట్టినవారైతే ఇదే సంగతిని ఇంకొక విధంగా చెబుతారు. "అడిగినవాళ్ళకు మేం ఏనాడూ లేదనలేదు. చేది పోసేవాళ్ళం" అంటారు.

ఇద్దరూ చెప్పేది నిజమే. నీళ్ళు ఇచ్చిన మాట నిజం. ఆ ఇచ్చిన తీరులోనే అంటరానితనం ఉన్నదన్న మాట కూడా నిజం. సమాజంలోని అసమానతను గురించి మనం ఎంత చదివినా, ఈ ఒక్క విషయం పట్టుబడకపోతే పాఠం అర్థం కానట్టే. అందుకే ఈ వారం మనం బావి దగ్గర మొదలుపెడదాం.

యాకోబు బావి దగ్గర

యోహాను సువార్త 4వ అధ్యాయం మనకు కొత్త కాదు. తపఃకాలంలో, ఎ సంవత్సరపు పఠనాలలో, మూడవ ఆదివారం నాడు దానిని వింటాం. ప్రభువు ప్రయాణ బడలికతో సమరియలోని యాకోబు బావి వద్ద కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. ఒక స్త్రీ నీళ్ళకోసం వచ్చింది. ప్రభువు ఆమెను త్రాగడానికి నీళ్ళు అడిగారు.

ఈ కథలో మనం సాధారణంగా జీవజలాన్ని గురించిన బోధనే గుర్తు పెట్టుకుంటాం. దానికి ముందు జరిగినదాన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఆమె ఆశ్చర్యపోయింది. యూదుడవైన నీవు సమరియ స్త్రీనైన నన్ను అడగడమేమిటని ప్రశ్నించింది. యూదులకు, సమరియులకు పొత్తు లేదని సువార్తికుడు అక్కడే వివరిస్తారు. ఆయన వాడిన గ్రీకు మాటకు "ఒకే పాత్రను కలిసి వాడరు" అనే అర్థం కూడా ఉన్నదని పండితులు చెబుతారు. మన ఊళ్ళలోని రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాత ఆమె ఇంకొక సంగతి గమనించింది. ఆయన దగ్గర తోడుకోవడానికి చేద లేదు. అంటే ఏమిటి? ఆయన త్రాగవలసివస్తే ఆమె పాత్రతోనే త్రాగాలి. ఆమె చేతినుంచే పుచ్చుకోవాలి. అంతా సృష్టించిన ప్రభువు ఆమె ముందు దాహంతో కూర్చున్నారు. పైనుంచి పోయడానికి రాలేదు, ఆమె చేతి నీళ్ళకోసం అడిగారు.

కథ చివర మరొక చిన్న మాట ఉన్నది. ఆ ఊరివారు బ్రతిమాలగా ప్రభువు అక్కడ రెండు రోజులు ఉన్నారు. రెండు రోజులు ఉన్నారంటే వారి ఇంట పడుకున్నారు, వారు వండినది తిన్నారు అని వేరుగా చెప్పాలా?

ఒక చెరువు, ఒక రాజ్యాంగం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో చవదార్ చెరువు ఉన్నది. అందులో పశువులు నీళ్ళు త్రాగవచ్చును, అంటరానివారు అనబడేవారు త్రాగరాదు. 1924లో అక్కడి పురపాలక సంఘం చెరువు అందరిదీ అని తీర్మానించింది. తీర్మానం కాగితంమీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాదిమందితో నడిచివెళ్ళి ఆ చెరువులోని నీళ్ళు దోసిట పట్టి త్రాగారు. ఆ రోజే వారిమీద దాడి జరిగింది. తరువాత అగ్రవర్ణాలవారు చెరువును శుద్ధి చేయించారు. ఆ నీటిమీద హక్కు ఉన్నదని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది. ఒక్క దోసెడు నీళ్ళకు పదేళ్ళు పట్టింది.

అందుకే మన రాజ్యాంగంలో బావుల ప్రస్తావన ఉన్నది. 15వ అధికరణం ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల విషయంలో కులాన్నిబట్టిగానీ మతాన్నిబట్టిగానీ ఎవరినీ అడ్డగించరాదని చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలు విధించే చట్టం వచ్చింది. 1976లో ఆ చట్టానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చి మరింత గట్టి చేశారు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

మన తెలుగు కవి గుర్రం జాషువ 1941లో వెలువరించిన "గబ్బిలం" కావ్యం కూడా ఇదే బాధలోనుంచి పుట్టింది. గుడిలోకి వెళ్ళరాని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో దేవునికి తన గోడు చెప్పి పంపుకోవడమే దాని కథ. గబ్బిలానికి ఉన్న చోటు మనిషికి లేకపోయింది.

1985: ఇద్దరు మనుషులు, రెండు పేర్లు

చట్టాలు వచ్చాక ఏం జరిగింది? ఒక్క సంవత్సరంలోని రెండు సంగతులు చెబుతాను.

మొదటిది మన నేలమీద జరిగింది. చీరాల ప్రక్కనున్న కారంచేడు. 1985 జూలై 16న మాదిగపల్లె వారు త్రాగే మంచినీళ్ళ చెరువు దగ్గర పెత్తందారీ కులానికి చెందిన యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతున్నారు. ఆ మురికి త్రాగే నీటిలోకి పోతున్నది. పల్లెవారు వద్దన్నారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అనే స్త్రీ ఎదురు చెప్పింది. కొట్టబోతే తన బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, పల్లెమీద దాడి చేసి ఆరుగురిని చంపారు. స్త్రీలను చెరిచారు. బ్రతికినవారు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. 23 ఏళ్ళు.

ఆమె పేరు మరొకసారి చదవండి. సువార్త. బావి దగ్గర ఒక స్త్రీ, చేతిలో బిందె. యోహాను గారి సువార్త చదివే మనం ఈమెను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాం?

రెండవది మద్రాసులో. రోడ్డు ప్రక్కన చెప్పులు కుట్టుకునే ఒకాయన పేరు సూసై. తమిళంలో సూసై అంటే యోసేపు అనే అర్థం. ఆయన షెడ్యూల్డు కులంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ప్రభుత్వం ఆ వృత్తివారికి ఉచితంగా బంకులు ఇస్తూ, క్రైస్తవుడు గనుక ఆయనకు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 సెప్టెంబరు 30న తీర్పు వచ్చింది. మతం మారిన తరువాత కూడా కులం ఉన్నదని చూపితే సరిపోదు, క్రైస్తవ సమాజంలో కూడా అంత తీవ్రమైన అణచివేతే ఉన్నదని రుజువు చేయాలని కోర్టు చెప్పి, పిటిషన్ కొట్టివేసింది.

ఈ తీర్పు వెనుక ఉన్నది 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు. హిందూ మతస్థులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారుగా పరిగణింపబడతారని అందులోని 3వ పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు మిగిలిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో 'సి' గ్రూపులో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో పని లేకుండా షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను నియమించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానించింది. అయినా 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవ మతం స్వీకరించిన వ్యక్తి అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కోరజాలడని ఒక కేసులో తీర్పు చెప్పింది.

ప్రతి ఆగస్టు 10న మనం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని న్యాయం అడుగుతున్నాం. అడగవలసిందే. కాని సూసై కేసులో కోర్టు వేసిన ప్రశ్న మన గుమ్మంలోనే నిలబడి ఉన్నది. "మీ ఇంట్లో కూడా వివక్ష ఉన్నదా?" ఉన్నదంటే మన సిగ్గు. లేదంటే అబద్ధం.

మన ఇంటి సంగతి

శ్రీసభ చరిత్రను దాచుకోకుండా చూద్దాం. 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నోబిలి స్వామి సన్యాసి వేషం ధరించి, అక్కడి ఆచారాలు పాటించి, పై కులాలవారికి సువార్త చెప్పారు. ఆయన భక్తిని, పాండిత్యాన్ని ఎవరూ కాదనలేరు. కాని పై కులాలకు ఒక తరహా గురువులు, క్రింది కులాలకు మరొక తరహా గురువులు అనే ఏర్పాటు ఆ పద్ధతిలోనుంచే వచ్చింది. 18వ శతాబ్దంలో పుంగనూరు మీదుగా తెలుగునేలకు వచ్చిన ఫ్రెంచి జెస్విటు గురువులు కూడా ఆ దారినే నడిచారు. తిరునెల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో ఏకంగా గుడినే రెండు నడవలుగా కట్టారు. పీఠం ఒకటే, పూజ చేసే గురువు ఒకరే, విశ్వాసులు మాత్రం ఒకరికొకరు కనబడరు. అక్కడి అడ్డుగోడను 1910లో తొలగించారు.

ఇంకొక దారి కూడా ఉండేది. ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి దగ్గరకు 1860ల చివర పై కులాలవారు ఆసక్తితో వచ్చేవారు. ఎర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ విశ్వాసులను ఆయన చేర్చుకోబోతుంటే, వారు వస్తే మేము రామని ఆ పెద్దలు చెప్పారు. క్లౌ దంపతులు ఆ రాత్రి పవిత్ర గ్రంథం తెరిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి మొదటి కొరింతీయుల 1వ అధ్యాయం చివరి భాగమే కంటపడిందని ఆ మిషను చరిత్ర చెబుతుంది. లోకం చిన్నచూపు చూచేవారిని దేవుడు ఎన్నుకున్నాడని పునీత పౌలు వ్రాసిన భాగమది. వారు పేరయ్యను ఎన్నుకున్నారు. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. వారు మన సభవారు కాకపోవచ్చు. నేర్చుకోవలసింది మాత్రం మనమే.

మన శ్రీసభ బోధ ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ జాతి, వర్ణం, లింగం, సామాజిక స్థితి పేరిట చేసే ప్రతి వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధమని ప్రకటించింది. 2003 నవంబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు తమిళనాడు మేత్రాణులతో మాట్లాడుతూ, క్రైస్తవుల మధ్య కులవివక్ష ఛాయలు కూడా ఉండరాదని హెచ్చరించారు. 2016 డిసెంబరులో భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత విధానాన్ని విడుదల చేసి, కులవివక్ష ఘోరమైన సామాజిక పాపమని చెప్పింది. దేశంలోని 1.9 కోట్ల కథోలికులలో 1.2 కోట్లమంది దళితులేనని ఆ పత్రమే లెక్క చెప్పింది. దాదాపు మూడింట రెండు వంతులు!

కర్నూలు మేత్రాసనంలోని చిందుకూరులో పుట్టిన పూల అంతోని గారిని, హైదరాబాదు అగ్రపీఠాధిపతులుగా ఉండగా, 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపుగారు కార్డినలుగా చేశారు. దళితులలోనుంచి వచ్చిన మొదటి కార్డినలు ఆయన. తెలుగువారిలోనూ మొదటివారు ఆయనే. మనమంతా సంతోషించాం. పూలదండలు వేశాం. మరి మన విచారణలో ఆయన పుట్టినటువంటి పేటలోనుంచి వచ్చిన కుటుంబం మన ఇంట భోజనానికి కూర్చుని ఎన్నాళ్ళయింది?

ఈనాడు ఎలా ఉన్నది?

"ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడు కుళాయిలు వచ్చాయి కదా" అని కొందరంటారు. 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 11 రాష్ట్రాలలోని 565 గ్రామాలను పరిశీలించింది. దాదాపు సగం గ్రామాలలో దళితులకు నీటి వసతి విషయంలో అడ్డంకులు ఉన్నాయని తేలింది. 2011-12లో దేశమంతటా 42,000 పైగా కుటుంబాలను ప్రశ్నించిన మరొక సర్వేలో, 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని స్వయంగా ఒప్పుకున్నాయి. వారిని అడిగిన ప్రశ్నలలో ఒకటి చాలా చిన్నది. షెడ్యూల్డు కులంవారు మీ వంటింట్లోకి వస్తే, మీ పాత్రలు వాడితే మీకు అభ్యంతరమా?

క్రైస్తవ కుటుంబాలలో ఒప్పుకున్నవారు 5 శాతం. తక్కువేనని ఊరట పడదామా? బలిపీఠం దగ్గర ఒకే పాత్రలోని ప్రభువును పంచుకునేవారిలో ఆ అయిదు శాతమైనా ఎందుకున్నారు?

పట్టణంలో అంటరానితనం వేషం మార్చుకుంది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళితే మొదట "మీరు ఏమిట్లు?" అని అడుగుతారు. పనిమనిషికి కిటికీలో వేరే గ్లాసు ఉంటుంది. పెండ్లి ప్రకటనలో "ఆర్.సి.యం." అని వ్రాసి, ప్రక్కనే కులం పేరు వ్రాస్తాం. ఇది ఒక్క పై కులాలవారి జబ్బు మాత్రమే కాదు. మాల విశ్వాసి మాదిగ విశ్వాసికి పిల్లనివ్వడానికి వెనుకాడితే అదీ ఈ జబ్బే.

ఇవ్వడం సులభం, పుచ్చుకోవడం కష్టం

మనం ఇచ్చేవారమే. క్రిస్మసుకు చీరలు పంచుతాం. పేద పిల్లల ఫీజు కడతాం. తపఃకాలంలో కానుకలు కూడబెడతాం. ఇవన్నీ మంచివే, మానరాదు. అయితే బావి గట్టుమీద నిలబడి ధారగా పోసినవారు కూడా ఇచ్చినవారే. ఇచ్చే చెయ్యి పైనే ఉన్నంతకాలం గట్టు గట్టుగానే ఉంటుంది. ఆ చేతి నీళ్ళు మనం త్రాగిన రోజున, ఆ ఇంటి అన్నం మనం తిన్న రోజున గట్టు కూలుతుంది. ప్రభువు సమరియ స్త్రీతో సంభాషణను దానంతో మొదలుపెట్టలేదు. అడగడంతో మొదలుపెట్టారు.

ఇది పెద్దలకు కూడా కష్టమైన పరీక్షే. అంతియోకియలో పునీత పేతురు మొదట అన్యజనులతో కలిసి భోంచేసేవారు. యెరూషలేమునుంచి కొందరు రాగానే, వారేమనుకుంటారోనని భయపడి విస్తరి వేరు చేసుకున్నారు. పునీత పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీశారు (గలతీ 2:11-14). గమనించండి. పేతురుగారి విశ్వాసం చెడలేదు. ఆయన బోధ మారలేదు. బంధువులు చూస్తున్నారనే భయం ఒక్కటే ఆయనను వేరు చేసింది. మనలో ఎందరిని వేరుగా ఉంచుతున్నది ఈ భయం కాదు? "మాకేం పట్టింపు లేదండీ, మా వాళ్ళు ఒప్పుకోరు" అనే మాట ఎన్ని ఇళ్ళలో వినలేదు?

ఈ వారంలోనే మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. మీ ఇంట వేరుగా పెట్టిన గ్లాసు ఉంటే తీసివేయండి, ఉన్న గ్లాసులన్నీ ఒక్కచోటే పెట్టండి. మీ విచారణలో మీరు ఎన్నడూ గడప తొక్కని పేటకు వెళ్ళండి. పంచడానికి ఏమీ పట్టుకెళ్ళకండి. ఒక ఇంట కూర్చుని, వారిచ్చిన నీళ్ళు త్రాగండి. పండుగ భోజనాలలో వడ్డించేవారు, తినేవారు ఎప్పుడూ ఒక వీధివారే కాకుండా చూడండి. బిడ్డకు జ్ఞానస్నానపు తల్లిదండ్రులను ఎన్నుకునేటప్పుడు మన కులం గడప దాటండి. సమాధుల తోటలో ఎక్కడైనా హద్దు ఉంటే, దాన్ని గురించి విచారణ సంఘంలో నోరు విప్పండి. మట్టిలో కలిసినవారికి కులమెందుకు?

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మన ఇంట వండినది తిన్నవారిలో వేరే కులంవారు ఎవరు? మనం ఎవరి ఇంట తిన్నాం? ఈ రెండు జాబితాలు సమానంగా ఉన్నాయా?

2. మన పిల్లలు కులం పేరును మొదటిసారి ఎక్కడ విన్నారు? బడిలోనా, గుడిలోనా, ఇంట్లోనా?

3. కారంచేడు చెరువు దగ్గర మనం ఉండి ఉంటే, ఎవరి ప్రక్కన నిలబడేవాళ్ళం?

ప్రార్థన

ప్రభువా, దాహంతో మా ఊరి బావి దగ్గర కూర్చున్నవాడా, మేము తక్కువ చేసినవారి చేతినుంచి నీవు నీళ్ళు అడిగావు. మా గర్వాన్ని మా ఇంటి గడపలోనే విరగగొట్టు. ఇచ్చే చేతిని మాత్రమే కాదు, పుచ్చుకునే చేతిని కూడా మాకు నేర్పు. నీ విందులో ఒకే విస్తరి దగ్గర కూర్చోబోయే మమ్మల్ని ఈ లోకంలో కూడా ఒకే బంతిలో కూర్చోబెట్టు. ఆమెన్.